పడవలు ఆగిన వేసవి, తెర వెనుక చెయ్యి

ఘోషా పాటించే ఇంటి ఆడవారి ఆస్తి పత్రం రిజిస్టరు కావాలంటే ఒక్కోసారి సబ్‌రిజిస్ట్రారే ఆ ఇంటికి వెళ్లవలసి వచ్చేది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ వీలు ఉంది. గోదావరి డెల్టాలో ఒక పాత మండువా లోగిలిని ఊహించుకుంటే, వసారాలో కుర్చీ వేసుకుని అధికారి, చాప మీద కరణం, స్తంభానికి ఆనుకుని ఇద్దరు సాక్షులు. గది గుమ్మానికి తెర. పసుపు కుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన నాలుగెకరాలు అమ్ముతున్నట్టు రాసిన పత్రాన్ని కరణం గడగడా చదువుతాడు. ‘సమ్మతమేనా అమ్మా?’ అని అధికారి అడుగుతాడు. లోపలి నుంచి ‘ఊఁ’ అని సన్నగా వినబడుతుంది. తెర అంచు కాస్త జరిగి ఒక చెయ్యి బయటకు వస్తుంది. బొటనవేలికి సిరా రాసి కాగితం మీద అదుముతారు. పక్కన, ఫలానావారి భార్య ఫలానా ఆమె నిశాని అని కరణమే రాస్తాడు. ఆ చెయ్యి ఆమెదే అనడానికి ఆధారం స్తంభానికి ఆనుకున్న ఇద్దరు మగవాళ్ల మాట.

వేలిముద్ర అబద్ధమాడదు. కానీ పోల్చి చూడటానికి ఆమె ముద్ర ఇంకెక్కడైనా ఉండాలి. గడప దాటని మనిషి ముద్ర ఇంకెక్కడ ఉంటుంది?

పాతకాలపు నేరకథా రచయిత్రులనే పాత్రలుగా చేసి, వారి చేతనే హత్యల చిక్కుముడులు విప్పించే చారిత్రక నవలలు ఇంగ్లీషులో ఈ పాతికేళ్లలో ఒక శాఖగా స్థిరపడ్డాయి. అగాథా క్రిస్టీ, డొరోతీ సేయర్స్, జోసెఫిన్ టే వంటివారు తాము రాసిన పరిశోధకుల స్థానంలోకి తామే వచ్చి నిలబడ్డారు. తెలుగులో ఇలాంటిది రాయదలచుకున్నవారికి లండన్ హాలూ, మంచు కురిసే రాత్రీ అక్కరలేదు. పైన చెప్పిన లోగిలి చాలు. అయితే ఆ శాఖ ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ జారుతుందో ముందు చూడాలి. ఎందుకంటే దాని బలమూ ప్రమాదమూ ఒకే చోట ఉన్నాయి. నిజంగా బతికిన ఆడవారి రహస్యాల మీద అది నిలబడి ఉంది.

క్రిస్టీ సంగతే తీసుకుంటే, 1926 డిసెంబరు 3 రాత్రి ఆమె ఇంటి నుంచి కారులో వెళ్లిపోయారు. మర్నాడు ఆ కారు సర్రేలో ఒక వాలు దగ్గర ఒంటరిగా కనిపించింది. పత్రికలు గోల చేశాయి, పోలీసులు పొదలన్నీ గాలించారు, వేల మంది జనం వెతకడానికి కదిలారు. డిసెంబరు 14న ఆమె హారోగేట్‌లోని ఒక హోటల్లో దొరికారు. అక్కడ ఆమె రాయించుకున్న ఇంటిపేరు తన భర్త ప్రేమించిన స్త్రీది. ఆ పదకొండు రోజుల గురించి తన ఆత్మకథలో ఒక్క వాక్యం కూడా రాయలేదు. నవలాకారులకు ఇంతకన్నా ఊరించే ఖాళీ ఏముంటుంది? ఒకరు అక్కడ హత్య పెడతారు, ఒకరు పగ పెడతారు, మరొకరు మతిమరుపు పెడతారు. నింపినవారి నేర్పును కాదనక్కరలేదు. కానీ భర్త మోసంతో గుండె చెదిరిన ఒక మనిషి జీవితాంతం మూసి ఉంచిన తలుపు అది. దాన్ని తోసుకుని లోపలికి వెళ్లిన నవల అక్కడి నుంచి పట్టుకొచ్చినది ఆ చొరబాటుకు తగినదై ఉండాలి. చాలా నవలలు ఆ పరీక్షలో నెగ్గవు.

ఆ వెతుకులాటలో మరో ముచ్చట ఉంది. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కోనన్ డాయిల్ అప్పటికే పూర్తిగా ఆత్మల లోకంలో మునిగి ఉన్నారు. క్రిస్టీ చేతి తొడుగు ఒకటి సంపాదించి, ఆత్మలతో మాట్లాడతాడని పేరున్న ఒకాయన చేతికిచ్చి ఆచూకీ చెప్పమన్నారు. డొరోతీ సేయర్స్ మాత్రం స్వయంగా ఆ చోటికి వెళ్లి నేలను చూసి వచ్చారు. డెల్టాలో ఈ రెండు దారులకూ పాత పేర్లే ఉన్నాయి. నగ పోయినా మనిషి పోయినా ఎరుకలసానిని పిలిచి సోది చెప్పించుకోవడం, తమలపాకు మీద అంజనం వేయించి దొంగ ముఖం చూడమనడం ఒక దారి. కాళ్లకు బురద అంటించుకుని గట్టు మీద అడుగుజాడలు చూడటం రెండో దారి. 1930లో లండన్లో డిటెక్షన్ క్లబ్ ఏర్పడినప్పుడు, చేరే ప్రతి రచయితా ఒక ప్రమాణం చేయాలి. తమ పరిశోధకులు దైవవాణి మీద, ఆడవారి ‘అంతర్బుద్ధి’ మీద, మాయమంత్రాల మీద, కాకతాళీయం మీద ఆధారపడరని ఒట్టు. సేయర్స్, క్రిస్టీ ఇద్దరూ ఆ ఒట్టు వేసినవారే. తర్వాత ఇద్దరూ ఒకరి వెనుక ఒకరు ఆ క్లబ్బుకు అధ్యక్షులయ్యారు. ఆడదానికి ఏదో తోస్తుందట అని లోకం పక్కన పెట్టేసిన దాన్ని వారూ పక్కన పెట్టి, ఆడవారు కూడా చూసి, లెక్క కట్టి, రుజువు చేస్తారని రాసి చూపించారు. తెలుగులో ఈ నవల రాసేవారు ఒక్క ఒట్టు వేసుకోవాలంటే అది ఇదే కావాలి.

సేయర్స్‌కూ ఒక రహస్యం ఉంది. 1924 జనవరిలో పెళ్లికాకుండానే ఆమెకు కొడుకు పుట్టాడు. పిల్లవాణ్ణి దగ్గరి బంధువుల అమ్మాయి పెంచింది. డబ్బు పంపడం, ఉత్తరాలు రాయడం సేయర్స్ ఎన్నడూ మానలేదు, కానీ తల్లినని లోకానికి చెప్పలేదు. 1957లో ఆమె పోయిన తర్వాతే సంగతి బయటపడింది. అదే కష్టం డెల్టాలో ఒక బాలవితంతువుకు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి పెద్ద కల్పన అక్కరలేదు. నూతులూ కాలువలూ ఆ కథలు దాచుకున్నాయి. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించడానికి వెనుక ఉన్న దుఃఖంలో ఇదీ భాగమే. కాబట్టి ఇక్కడ రహస్యం బయటపెట్టడమంటే పేరు పోవడం మాత్రమే కాదు, ప్రాణం పోవడం కూడా. పరిశోధకురాలు నిజం కనిపెట్టడంతో పని అయిపోదు. ఆ నిజాన్ని ఎవరి చెవిన వెయ్యాలి, ఎవరి నుంచి కాపాడాలి అన్నది కూడా ఆమె నెత్తినే పడుతుంది.

ఇంతకీ ఆమె ఎవరు? డెల్టాలో 1930 నాటికి నేరకథలు రాసే స్త్రీ ఎక్కడి నుంచి వస్తుంది? పట్నంలో చదువుకుని వచ్చిన వింత మనిషిగా ఆమెను దించడం తేలిక, కానీ అది అతుకు. ఆ కాలానికి నప్పే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉండేది: ఉత్తరాలు రాసిపెట్టే ఆమె. తండ్రి దగ్గరో అన్నగారి పుస్తకాల్లోనో నాలుగు ముక్కలు నేర్చుకున్న ఒక వదినగారు, లేదా ఒక మేనత్త. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వీధిలోని ఆడవారంతా ఆమె దగ్గరకే చేరతారు. ‘పిన్నీ, మా అమ్మకు నాలుగు ముక్కలు రాసిపెట్టరూ’ అంటూ కార్డు పట్టుకుని వస్తారు. ఎవరి అత్త అన్నం పెట్టడం లేదో, ఎవరి భర్త డబ్బు పంపడం మానేశాడో, ఎవరికి నెల తప్పిందో ఆమెకు తెలుసు. చెప్పినదంతా రాయకూడదనీ తెలుసు. ఏడుస్తూ చెప్పిన పది మాటల్లో ఏ రెండు కార్డు మీదకు ఎక్కాలో నిర్ణయించడం రోజూ ఆమె చేసే పని. కథ కట్టడం ఆమెకు అలా వచ్చింది. అప్పటికి ఆడవారి పత్రికలకూ కొదవలేదు. 1902లో ఏలూరు నుంచి మొదలైన హిందూసుందరి తర్వాత ఆడవారి సంపాదకత్వంలోనే నడిచింది. మద్రాసు నుంచి గృహలక్ష్మి 1928లో మొదలైంది. వాటికి కథ పంపడానికి అణా పోస్టు ఖర్చూ, కొంచెం తెగువా చాలు.

క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ అనే ముసలావిడ తొలి నవల కూడా 1930లోనే వచ్చింది. ఊరి మనుషుల నడవడిక నుంచి హంతకుడి నడవడికను పోల్చుకోవడం ఆమె పద్ధతి. ఉత్తరాలు రాసిపెట్టే పిన్నిగారిది అంతకన్నా గట్టి స్థానం. మార్పుల్ కిటికీలోంచి చూసి తెలుసుకోవాలి. ఈమెకు మనుషులే వచ్చి చెప్పుకుంటారు.

ఆ 1930ని వదలడానికి వీల్లేదు. డెల్టాకు ఆ ఒక్క సంవత్సరమే పెద్ద కథల పెట్టె. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండనిదే పెళ్లి చేయరాదన్న శారదా చట్టం ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. అంతకు ముందు నెలల్లో దేశమంతటా హడావిడిగా బాల్య వివాహాలు జరిగిపోయాయి. ఆ తర్వాత మిగిలిన దారి యానాం. కాకినాడకు దగ్గర్లో, చుట్టూ బ్రిటిష్ జిల్లా ఉండగా, గౌతమి ఒడ్డున ఫ్రెంచివారి జెండా ఎగిరే చిన్న పట్టణం అది. ఆ చట్టం అక్కడ చెల్లదు కనుక పెళ్లివారు బళ్లు కట్టుకుని అక్కడికే వెళ్లేవారు. యానానికి కల్యాణపురమన్న పేరు అలా వచ్చింది. చట్టం మరీ కఠినమైనదేమీ కాదు. శిక్ష నెల వరకు ఖైదు, వెయ్యి రూపాయల వరకు జరిమానా. జరిగిన పెళ్లి రద్దు కాదు, ఏడాది గడిస్తే ఫిర్యాదూ చెల్లదు. కానీ నేరకథకు ఆ ఏడాది గడువే బంగారం. పెళ్లి ఏ తేదీన, ఏ గట్టున జరిగిందన్నది నిరూపించగలిగిన మనిషి నోరు మూయించడానికి ఒక కారణం పుడుతుంది. పెళ్లికూతురు పదేళ్ల పిల్ల. ఆమెను ఎవరూ అడగరు. పిన్నిగారు అడుగుతుంది, అదీ చింతపిక్కలాట మధ్యలో.

అదే ఏప్రిల్లో ఉప్పు సత్యాగ్రహంలో చట్టధిక్కారం మొదలైంది. మే చివర్లో రంగూన్లో అల్లర్లు చెలరేగాయి. రేవులో పనిచేసే తెలుగువారి మీద దాడులు జరిగాయి, చాలా మంది చనిపోయారు. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరే అది. కాకినాడ నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లి కూలి చేసినవారూ, బియ్యం వ్యాపారం చేసినవారూ డెల్టా ఊళ్లన్నింటా ఉండేవారు. అల్లర్ల కబురు అందినా, పోయినవాడు ఎవరో బతికినవాడు ఎవరో తెలియడానికి రోజులు పట్టేది. లోగిలిలో తెర వెనుక ఉండవలసిన ఆమె భర్త రంగూన్లోనే ఉన్నాడనుకుందాం.

డెల్టాకే చెందిన ఆధారం ఇంకొకటి ఉంది, అది నీళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీరిచ్చాయి, రోడ్లు లేని రోజుల్లో ప్రయాణమూ వాటి మీదే సాగింది. లాకు దగ్గర పడవ ఆగి, తలుపులు మూసి, నీరు మట్టానికి వచ్చేదాకా కూర్చోవాలి. ఏ పడవలో ఎవరున్నారో లాకు గట్టున అటుకులు అమ్మే మనిషికి కూడా తెలుస్తుంది. అయితే ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. నీరు దిగిపోతుంది. అడుగు బయటపడుతుంది. పిల్లలు బురదలో చేపలు పడతారు. జారిపడిన చెంబులూ విరిగిన తెడ్లూ, ఒక్కోసారి వద్దని పారేసినవీ పైకి తేలతాయి. పెళ్లిళ్ల కాలమూ అదే. ఇక, మే నెలలో ఒక సాక్షి వచ్చి ‘రాజమహేంద్రవరం నుంచి పొద్దున్నే పడవలో దిగాను, నేరుగా పత్రం దగ్గరకే వచ్చాను’ అంటే, బయటి పాఠకుడికి అందులో తప్పేమీ కనిపించదు. డెల్టాలో పుట్టినవారు ఆ మాట దగ్గరే పట్టుకుంటారు. కాలువ కట్టేసిన నెలలో పడవ ఎక్కడిది? కాకినాడ–కోటిపల్లి రైలు 1928లోనే వచ్చింది కనుక, రైల్లో వచ్చానన్నా సరిపోయేది. అబద్ధం అలవాటు కొద్దీ జారుతుంది. ఆ ఊళ్లో ప్రయాణమంటే పడవే మరి. పాఠకుడి కళ్ల ముందే పెట్టి, చెప్పకుండా వదిలేసే ఆధారం అంటే ఇలా ఉండాలి. చారిత్రక వివరం అలంకారంగా వేలాడకుండా కథలో బరువు మోసేది ఇలాంటప్పుడే.

విషాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసి నేర్చినదంతా నవలల్లో పెట్టారు. ఆమె తొలి నవలలోని విషం స్ట్రిక్నిన్. దాన్ని ఎంత సరిగ్గా రాశారంటే మందుల తయారీదారుల పత్రికే మెచ్చుకుంది. ఆ స్ట్రిక్నిన్ దొరికేది మన అడవుల్లోని ముషిణి గింజల్లోనే. గన్నేరు, ఉమ్మెత్త సంగతి పల్లెలో చెప్పనక్కరలేదు. విషం గురించిన తెలివి ఇక్కడ సీసాల గదిలో లేదు, పెరట్లో ఉంది.

వేలిముద్రకు తిరిగి వస్తే, దాని పుట్టుక కూడా ఈ దేశపు పత్రాల మీదే. 1858లో బెంగాల్లోని జంగీపూర్లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక గుత్తేదారు చేత ఒప్పందం మీద చేతి ముద్ర వేయించాడు. మాట తప్పకుండా ఉంటాడని అతని ఆశ. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. లండన్ పోలీసులకు అలాంటిది 1901లో వచ్చింది. ఇంగ్లీషు డిటెక్టివ్ కథల్లో గాజు గ్లాసు మీద దొరికే వేలిముద్రకు ముందుతరం మన ఒప్పంద పత్రాల మీద ఉంది. చదువురాని స్త్రీకి అదొక్కటే సంతకం. అందుకే దొంగ నిశాని ఈ నేలకు సహజమైన నేరం. హత్యకన్నా ముందు అది జరుగుతుంది, హత్యకు కారణమూ అదే అవుతుంది.

ఆ తెర వెనుక నుంచి వచ్చిన చెయ్యిని పిన్నిగారు లోపలి నుంచి చూసి ఉంటుంది. మగవారంతా బొటనవేలిని చూశారు. ఆమె మణికట్టును చూసింది. ఎర్రని గాజులు, కొత్తవి, అర డజను. చెయ్యి చాచినప్పుడు అవి మోచేతి దాకా జారిపోయాయి. చిన్నప్పటి నుంచి గాజులు తొడుక్కున్న చేతికి గాజుల కొలత తెలుసు. గాజులమ్మ మల్లారం దించి, చెయ్యి నొక్కి, నొప్పి పుట్టేలా సరిపోయేవే ఎక్కిస్తుంది. ఇలా వదులుగా ఊగవు. ఎక్కించేవారు లేక, ఎవరివో తెచ్చి దూర్చిన గాజులవి. ఆ ఇంట్లో వంట చేసి బతికే దూరపు చుట్టం ఒకామె ఉంది. పదకొండో ఏట గాజులు పగలగొట్టిన చెయ్యి ఆమెది. భూమి గలావిడ పేరుతో నిశాని వేయడానికి, ఇరవై ఏళ్ల తర్వాత ఆ చేతికి మళ్లీ గాజులు తొడిగారు.

నవలకు అసలు గుండె ఇది. నిజం బయట పెడితే పత్రం చెల్లదు, భూమి తిరిగి వస్తుంది. కానీ మొదట వీధిన పడేది ఆ వంట చేసే మనిషి. దొంగ ముద్ర వేసిందన్న నేరం కన్నా గాజులు వేసుకుందన్న మాటే ఆమెను ఆ ఊళ్లో బతకనివ్వదు. సేయర్స్ కొడుకు గురించీ, క్రిస్టీ పదకొండు రోజుల గురించీ రాసేవారి ముందు ఉన్న ప్రశ్నే ఇక్కడ పాత్ర ముందుకు వచ్చి నిలుచుంటుంది. ఇంగ్లీషు నవలల్లో ఈ ప్రశ్న రచయితకూ పుస్తకానికీ మధ్య ఎక్కడో పుస్తకం బయట ఉండిపోతుంది. దాన్ని కథలోకే తెచ్చి, చేతి కొలతంత దగ్గరగా పెట్టగలిగే అవకాశం ఈ నేలకు ఉంది. అది వాడుకోని నవల ఎంత బిగువుగా ఉన్నా డెల్టా నవల కాదు, డెల్టా వేషం వేసుకున్నది.

తెలుగులో ఈ పని ఇంతవరకు ఎందుకు జరగలేదని అడిగితే, డిటెక్టివ్ నవల అనగానే కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ మొదలుకుని మగవారి పేర్లే గుర్తుకు వస్తాయి. 1960ల తర్వాత వారపత్రికల్లో రచయిత్రులు రాజ్యమేలారు. కొందరు మగవారు ఆడ పేర్లతో రాసేంత గిరాకీ వారిది. అయినా నేరకథ గుమ్మం దగ్గర మాత్రం ఆ పేర్లు అరుదు. ఇంట్లో జరిగే నేరాలన్నీ వారి కుటుంబ నవలల్లోనే ఉన్నాయి, పరిశోధన ఒక్కటే లేదు.

భాష గురించి ఒక మాట. 1930లో పత్రికల్లో చాలా వరకు గ్రాంథికం, ఉత్తరాల్లో మాట్లాడే తెలుగు. రెండింటికీ మధ్య ఉన్న తేడాయే ఆధారం కాగలదు. చదువురాని కోడలు చెప్పి రాయించిందన్న ఉత్తరంలో ‘వ్రాయునది ఏమనగా’ తర్వాత కూడా ముక్కస్య ముక్కగా గ్రాంథికమే నడిస్తే, చెప్పినది ఆమె కాదు. ఉత్తరం మూలలకు పసుపు ఉంటే శుభం. చావు కబురు తెచ్చిన కార్డును ఇంట్లో ఉంచరు, చదివి చింపేస్తారు. కవరు మీద పేరుకు ముందు రాసే అక్షరాలకు అంతకన్నా పదునుంది. ముత్తయిదువకు ‘చి.ల.సౌ.’ అని రాస్తారు. భర్త పోయిన ఆమెకు గంగాభాగీరథీ సమానురాలు అని, ‘గం.భా.స.’

రంగూన్ నుంచి వచ్చిన కవరు ఒకటి పిన్నిగారి చేతికి అందుతుంది. చదివి పెట్టమని తెచ్చినది ఆ నాలుగెకరాల భూమి గలావిడే, దాసీని తోడు తెచ్చుకుని పెరటి దారిన వచ్చింది. పోస్టు ముద్ర అల్లర్లకు నాలుగు రోజుల ముందుది. పేరుకు ముందు, ఒద్దికైన మగ చేతిరాతలో ‘గం.భా.స.’ అని ఉంది. ఎదురుగా ఆమె మెడలో పుస్తెలు, నుదుట కుంకుమ, చేతినిండా గాజులు, సరిగ్గా కొలతకు సరిపోయినవి. ‘ఏం రాశారు పిన్నీ?’ అని అడుగుతోంది.